గెలిచిన రోజు ఎవరి సొత్తు?

2022 నవంబర్ 18, శుక్రవారం సాయంత్రం. బిష్టుపూర్‌లో మా ఇంటి ముందుగదిలో ఒక అట్టపెట్టె విప్పాం. లోపల పదహారు ఫుట్‌బాల్ జెర్సీలు. ముదురు నీలం రంగు, మెడ దగ్గర బంగారు రంగు పట్టీ. మా వీధి పిల్లలు అంత మెత్తటి గుడ్డ వేసుకుని ఎన్నడూ ఆడలేదు. మా చిన్న క్లబ్బు ఏటా పదహారేళ్ల లోపు పిల్లలకు పోటీలు పెడుతుంది. ఫైనల్ జనవరి 26న. దానికి నేను కోశాధికారిని. అంటే రసీదు పుస్తకం పట్టుకుని దుకాణాల చుట్టూ తిరిగేవాణ్ణని అర్థం.

ఈసారి ఆ తిరుగుడు అక్కర్లేదని మా కార్యదర్శి సంబరంగా చెప్పాడు. పదహారు జట్లకూ జెర్సీలు, బంతులు, షామియానా, మైకు, కప్పులు, గెలిచిన జట్టుకు నగదు, అన్నీ ఒకే కంపెనీ భరిస్తుందట. బదులుగా పిల్లల ఛాతీ మీద దాని పేరు ఉండాలి. మైదానం చుట్టూ బ్యానర్లు కట్టాలి. అది తాగేవాళ్లకూ తాగనివాళ్లకూ తెలిసిన బీరు పేరు. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'సోడా' అని రాసి ఉంది.

"బీరు కాదు సార్, సోడా" అన్నాడు పెట్టె తెచ్చిన కుర్రాడు, మేం అడగకముందే.

సరిగ్గా అదే సమయానికి టీవీలో ఖతర్ వార్త వస్తోంది. ప్రపంచకప్ మొదలవడానికి రెండు రోజుల ముందు, స్టేడియాల దగ్గర బీరు అమ్మకాలు ఉండవని ఫిఫా ప్రకటించింది. 1986 నుంచి ప్రపంచకప్‌ను అంటిపెట్టుకుని ఉన్న బడ్‌వైజర్‌కు అది పిడుగుపాటు. ఆ ఒప్పందం విలువ సుమారు ఏడున్నర కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. 'ఇదేదో ఇబ్బందిగా ఉందే' అన్న అర్థం వచ్చేలా ట్విటర్‌లో ఒక మాట పెట్టి, కాసేపటికే ఆ కంపెనీ దాన్ని తీసేసింది. ఖతర్ పాలకులు పన్నెండేళ్ల ముందు ఆతిథ్యం దక్కించుకున్నప్పుడు ఒక మాట, తీరా అతిథులు గుమ్మంలోకి వచ్చాక ఇంకో మాట చెప్పారని పాశ్చాత్య పత్రికలు దుమ్మెత్తిపోశాయి. తన నేల మీద తన ఆచారం పాటించమనడంలో తప్పేముందని ఆసియాలో చాలామంది సమర్థించారు.

మా గదిలోనూ అంతే. టీవీ చూస్తూ నలుగురు నాలుగు రకాలుగా వాదించుకున్నారు. ఒళ్లో ఉన్న జెర్సీల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

లోపలి గదిలోంచి కర్ర ఊతంగా అమ్మ వచ్చింది. తనకు ఇంగ్లిష్ అక్షరాలు రావు. జెర్సీ మీది గుర్తును మాత్రం ఇట్టే పోల్చుకుంది. "ఆటాడే గుంటలకి ఈ బొమ్మేటిరా?" అంది. గది నిశ్శబ్దమైపోయింది. ఆ గుర్తు అమ్మకు ఎలా తెలుసన్నది తర్వాత చెబుతాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుర్తుకొచ్చింది అన్నయ్య. ఇంకా వెనక్కి వెళితే, 1983 డిసెంబర్ 7.

ఆ రోజు మా బిష్టుపూర్ కీనన్ స్టేడియంలో మొట్టమొదటి అంతర్జాతీయ వన్డే. 1939లో కట్టిన ఆ స్టేడియానికి అప్పటి ఉక్కు కర్మాగారం జనరల్ మేనేజర్ జాన్ కీనన్ పేరు పెట్టారు. కపిల్‌దేవ్ జట్టు లార్డ్స్‌లో కప్పు గెలిచి అప్పటికి ఆరు నెలలు కూడా నిండలేదు. ఓడిన వెస్టిండీస్ కసి తీర్చుకోవడానికి మన దేశానికి వచ్చింది. నాన్న టిస్కోలో పని చేసేవాడు. నన్నూ అన్నయ్యనూ వెంటబెట్టుకుని వెళ్లాడు. నాకు పన్నెండేళ్లు, అన్నయ్యకు పద్దెనిమిది. గ్రీనిడ్జ్ 115, రిచర్డ్స్ 149. నలభై అయిదు ఓవర్లలో 333 పరుగులు. ఆ రోజుల్లో ఆ అంకె విన్నవాళ్లు రెండోసారి అడిగి నిర్ధారించుకునేవారు. మనవాళ్లు వందకు పైగా పరుగుల తేడాతో ఓడిపోయారు.

అయినా నాన్న ముఖం వాడిపోలేదు. ఆ సిరీస్ పేరు 'చార్మినార్ ఛాలెంజ్ కప్'. హైదరాబాద్‌లోని వజీర్ సుల్తాన్ కంపెనీ సిగరెట్. శ్రీకాకుళం జిల్లా పల్లె వదిలి వచ్చి, హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ మాటల మధ్య బతుకుతున్న మనిషికి ఇంత పెద్ద ఆట పేరులో చార్మినార్ కనిపించేసరికి ఛాతీ ఉబ్బింది. "మనదేరా, మన హైదరాబాద్‌ది" అని పక్కన కూర్చున్న అందరికీ చెప్పాడు. నాన్న హైదరాబాద్ చూడలేదు. జన్మలో సిగరెట్ ముట్టలేదు. అయినా ఆ పేరు చూసి మురిసిపోయాడు.

ప్రాయోజకుడు కొనేది ఏమిటో నాకు ఆ జ్ఞాపకం వల్లే తెలిసింది. వాడు గోడ మీద జాగా కొనడం లేదు. అలాంటి జాగా ఊళ్లో ఎక్కడైనా చవగ్గా దొరుకుతుంది. తండ్రి చేయి పట్టుకుని స్టేడియంలో కూర్చున్న పన్నెండేళ్ల పిల్లాడి ఆ రోజును కొంటున్నాడు. ఎన్నో మ్యాచ్‌ల స్కోర్లు మర్చిపోయాను. ఆ సిరీస్ పేరు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా తడుముకోకుండా నోటికొస్తుంది.

సిగరెట్ల సంగతి తర్వాత మారింది. 1996 ప్రపంచకప్ పేరే 'విల్స్ వరల్డ్ కప్'. భారత జట్టు చొక్కాల మీదా విల్స్ పేరే ఉండేది. 2001లో ఐటీసీ ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది. 2003లో వచ్చిన చట్టం పొగాకు ప్రకటనలకూ, క్రీడలకు పొగాకు కంపెనీల ప్రాయోజకత్వానికీ తెర దించింది. సిగరెట్ డబ్బు లేకపోతే క్రికెట్ ఏమైపోతుందోనని అప్పట్లో బెంగపడ్డవారున్నారు. ఏమీ కాలేదు. క్రికెట్ బోర్డు ఎంత సంపన్నమైందో అందరికీ తెలుసు. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ పార్లమెంట్ చట్టం చేసినప్పుడూ ఇదే జరిగింది. భారత జట్టు జెర్సీ మీది డ్రీమ్ 11 పేరు పోయింది. నెల తిరక్కుండానే అక్కడికి అపోలో టైర్స్ వచ్చింది. పెద్ద ఆటలకు ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. చిన్న ఆటలకు అలా తెరుచుకుంటుందా అన్నదే నా ముందున్న ప్రశ్న.

పొగాకుకు పట్టిన గతి బీరుకు పట్టలేదు. అందుకు కారణం ఆరోగ్యశాస్త్రం కంటే బలాబలాల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. బ్రెజిల్ ఉదాహరణే చూడండి. అభిమానుల కొట్లాటలతో విసిగిపోయిన ఆ దేశం 2003లో తెచ్చిన అభిమానుల చట్టం అండతో స్టేడియాల్లో మద్యాన్ని అడ్డుకుంది. 2014 ప్రపంచకప్ ఆతిథ్యం దక్కాక ఫిఫా ప్రధాన కార్యదర్శి జెరోమ్ వాల్కే వెళ్లి, బీరు అమ్మకం హక్కును చట్టంలో చేర్చి తీరాల్సిందేనని చెప్పారు. ఆ దేశ ఆరోగ్య మంత్రి, కొందరు పార్లమెంట్ సభ్యులు కాదన్నారు. చివరికి 2012లో ప్రపంచకప్ కోసమే ప్రత్యేక చట్టం చేసి దారి ఇవ్వాల్సి వచ్చింది. ప్రజలెన్నుకున్న చట్టసభ ఒక ఆటల సంస్థ ముందు, ఆ వెనకున్న బీరు కంపెనీ ముందు తల వంచింది.

ఫ్రాన్స్ వంచలేదు. 1991 నాటి ఎవాన్ చట్టం అక్కడ క్రీడలకు మద్యం కంపెనీల ప్రాయోజకత్వాన్ని నిషేధించింది. 1998 ప్రపంచకప్‌కు ఆ దేశమే ఆతిథ్యమిచ్చింది. మైదానం పక్కన బడ్‌వైజర్ బోర్డులు పెట్టడం కుదరలేదు. ఐరోపా రగ్బీలో హైనెకెన్ కప్ ఫ్రాన్స్‌లో అడుగుపెడితే 'హెచ్ కప్' అయిపోయేది. ద్రాక్షసారాకు పుట్టిల్లు లాంటి దేశం ఆ పని చేయగలిగింది. కనుక మద్యం ఇష్టమా కాదా అన్నదానికీ, ఆట మీద దాని పేరు ఉండాలా వద్దా అన్నదానికీ లంకె లేదు.

జర్మనీలో 2006లో జరిగింది మరీ విచిత్రం. బవారియా అనే డచ్చి బీరు కంపెనీ తన పేరున్న నారింజ రంగు లాగులు అభిమానులకు పంచింది. అది అధికారిక ప్రాయోజకుడు కాదు. స్టుట్‌గార్ట్‌లో ఐవరీకోస్ట్‌తో మ్యాచ్‌కు ఆ లాగులతో వచ్చినవాళ్లను గేటు దగ్గర ఆపి విప్పించారు. కొందరు లోదుస్తులతోనే కూర్చుని ఆట చూశారు. నిర్వాహకుల అభ్యంతరం బీరు మీద కాదు, డబ్బు కట్టని బీరు మీద.

ఖతర్ నిషేధంలోనూ ఈ రెండు నాల్కల ధోరణి ఉంది. సామాన్య ప్రేక్షకుడికి బీరు దొరకలేదు. ఖరీదైన ఆతిథ్య గదుల్లో మాత్రం దొరికింది. బడ్‌వైజర్ బోర్డులు మైదానం చుట్టూ వెలుగుతూనే ఉన్నాయి. ఆల్కహాల్ లేని 'బడ్ జీరో' స్టేడియంలో అమ్ముకోనిచ్చారు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ స్టేడియాల్లో తమకు మామూలు కంటే భద్రంగా అనిపించిందని ఐరోపా నుంచి వెళ్లిన మహిళా అభిమానులు పలువురు చెప్పారు. ఇంగ్లండ్, వేల్స్ అభిమానుల్లో ఒక్కరు కూడా అరెస్టు కాకుండా టోర్నీ ముగిసింది.

ఈ 'జీరో' అన్న మాట దగ్గర మనవాళ్లు నవ్వుకోవాలి. తమ తెలివి కొత్తదని వాళ్లు అనుకుంటున్నారేమో కానీ, అందులో మనం వాళ్లకు గురువులం. మన దేశంలో కేబుల్ టీవీ నిబంధనలను 2000లో సవరించి మద్యం ప్రకటనలను ఆపేశారు. అప్పటి నుంచి మంచినీళ్లు, సోడాలు, పాటల సీడీలు, గాజు గ్లాసులు అవే పేర్లతో తెర మీదికి వచ్చాయి. 2022 జూన్‌లో కేంద్రం కొత్త మార్గదర్శకాలు తెచ్చి ఇలాంటి ముసుగు ప్రకటనలు చెల్లవంది. మా ఇంటికి పెట్టె వచ్చింది అదే ఏడాది నవంబర్‌లో. ఆ తర్వాత 2024 జనవరిలో ఒలింపిక్ సంఘం బడ్‌వైజర్ మాతృసంస్థను తన తొలి బీరు భాగస్వామిగా చేర్చుకుంది. ముందు పెట్టిన పేరు 'కరోనా సెరో', ఆల్కహాల్ లేని బీరు. మా 'సోడా' ఒలింపిక్స్ దాకా వెళ్లిందన్నమాట.

ఆటగాళ్లలో కొందరికి ఈ ముసుగులు నప్పవు. 2021 యూరో పోటీల్లో పాత్రికేయుల సమావేశానికి వచ్చిన ఫ్రాన్స్ ఆటగాడు పోగ్బా తన ముందున్న హైనెకెన్ సీసాను తీసి బల్ల కింద పెట్టాడు. అది కూడా 'జీరో' రకమే. దక్షిణాఫ్రికా బ్యాట్స్‌మన్ హషీమ్ ఆమ్లా తన దేశపు జెర్సీ మీది కాజిల్ బీరు గుర్తు లేకుండానే ఏళ్ల తరబడి ఆడాడు, వేల పరుగులు చేశాడు. 2018 ప్రపంచకప్‌లో ఉరుగ్వేపై అద్భుతంగా ఆడిన ఈజిప్టు గోల్‌కీపర్ అల్ షెనావీ, ఉత్తమ ఆటగాడి ట్రోఫీని వద్దన్నాడు. దాని మీద బడ్‌వైజర్ పేరుంది. 2022లో ఎంబాపే ట్రోఫీ తీసుకున్నాడు కానీ, ఫొటోలో ఆ పేరు కనిపించకుండా తన వైపు తిప్పి పట్టుకున్నాడు. బీరు కంపెనీ తన పేరు పెట్టుకోవడానికి ఏ ట్రోఫీని ఎంచుకుందో గమనించండి. గెలిచిన రోజున, బాగా ఆడినవాడి చేతికి వచ్చేదాన్ని.

మర్నాడు కార్యదర్శితో ఇదంతా చెప్పాను. అతను బెంగాలీ, ఈస్ట్ బెంగాల్ వీరాభిమాని, పాతికేళ్లుగా స్నేహితుడు. ఓపిగ్గా విని, "దాదా, నువ్వు చెప్పినవన్నీ కడుపు నిండినవాళ్ల కథలు" అన్నాడు. 1998లో కలకత్తా క్లబ్బులు చేతిలో పైసా లేక అల్లాడుతున్నప్పుడు ఆదుకున్నది యునైటెడ్ బ్రూవరీసే కదా అన్నాడు. ఆ ఒప్పందంతో మోహన్ బగాన్ కాస్తా 'మెక్‌డోవెల్స్ మోహన్ బగాన్', ఈస్ట్ బెంగాల్ 'కింగ్‌ఫిషర్ ఈస్ట్ బెంగాల్' అయ్యాయి. 2003లో జకార్తా వెళ్లి ఆసియాన్ క్లబ్ కప్పు గెలిచింది ఆ పేరుతోనే. ఫైనల్లో బీఈసీ టెరో ససానాపై 3-1. భూటియా ఆ టోర్నీలో తొమ్మిది గోల్స్ చేశాడు. "ఆ రాత్రి నేను ఏడ్చాను. అప్పుడు జెర్సీ మీద ఏం రాసుందో చూడలేదు. మన పిల్లలూ చూడరు" అన్నాడు.

అతని మాటలో నిజం లేకపోలేదు. మా జంషెడ్‌పూర్ పిల్లలకు ఆటలు కొత్తకాదు. 1987 నుంచి టాటా ఫుట్‌బాల్ అకాడమీ ఉంది. బిష్టుపూర్‌లోనే జేఆర్డీ టాటా క్రీడాప్రాంగణం ఉంది. కానీ ప్రతి వీధి క్లబ్బు వెనకా ఉక్కు కంపెనీ ఉండదు. కూరగాయల దుకాణం, మిఠాయి కొట్టు, సైకిల్ షాపు ఇచ్చే వంద, రెండు వందలతో పదహారు జట్లను ఆడించడం ఎంత కష్టమో కోశాధికారిగా నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పైగా నేనేమీ మడికట్టుకున్నవాణ్ణి కాదు. మే నెలలో ఈ ఊరి ఎండకు అప్పుడప్పుడూ ఒక బీరు తాగిన రోజులున్నాయి.

కానీ అతను అన్నాడే, 'పిల్లలు చూడరు' అని, అక్కడే నాకు తేడా వచ్చింది. ఏడ్చిన రాత్రి జెర్సీ మీది పేరు చూడలేదంటూనే, ఆ పేరుతో సహా కథ చెప్పాడు. నాన్న చార్మినార్ లాగే.

ఇంటికి వస్తుంటే దారిలో హడియా అమ్మే సంతాల్ ఆడవాళ్లు కనిపించారు. హడియా అంటే బియ్యపు బీరు. అన్నం వండి ఆరబెట్టి, అడవి వేళ్లతో చేసిన 'రాను' బిళ్లలు కలిపి, కుండలో రెండు మూడు రోజులు పులియబెడతారు. ఈ నేలకు అది తరాల నాటిది. పండగకూ పెళ్లికీ ఉంటుంది. పితృదేవతలకు మొదట పోశాకే మనుషులు తాగుతారు. సంతరోజున డేకిసా, నాలుగు గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చునే ఆ ఆడవాళ్లకు అదే బతుకుతెరువు. వాళ్లను ఈ పని మాన్పించి గౌరవమైన జీవనోపాధి చూపిస్తామంటూ 2020లో జార్ఖండ్ ప్రభుత్వం 'ఫూలో ఝానో ఆశీర్వాద్' పథకం తెచ్చింది. ఉద్దేశం మంచిదే. రోడ్డు పక్క గిన్నెలో బీరు పోసే మనిషి అలా దిద్దాల్సిన సమస్యగా కనిపించింది. సీసాలో పోసేవాడు మాత్రం పిల్లల ఆటలకు పోషకుడై ఇంటికే వచ్చాడు. హడియాకు జెర్సీ లేదు. పది మంది పిల్లల గెలుపును తన పేర రాసివ్వమని ఆ ముసలమ్మ ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు అమ్మ పోల్చుకున్న గుర్తు సంగతి.

అన్నయ్య లెఫ్ట్ వింగ్‌లో ఆడేవాడు. బంతి అతని కాలికి అతుక్కున్నట్టుండేది. 1985లో, ఇరవై ఏళ్ల వయసులో ఒక టోర్నీ ఫైనల్లో రెండు గోల్స్ కొట్టాడు. ఆ రాత్రి జట్టు పెద్దలు కుర్రాళ్లను కూర్చోబెట్టి విందు చేశారు. ఒక్కొక్కరి ముందు ఒక్కో బీరు సీసా పెట్టారు. "గోల్ కొట్టావు, మగాడివయ్యావు, తాగు" అన్నారట. అది అన్నయ్య మొదటి సీసా. ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత ఆస్పత్రి మంచం మీద అతనే చెప్పాడు. తర్వాత గెలిచిన ప్రతిసారీ తాగాడు. కొన్నాళ్లకు ఓడినప్పుడూ తాగాడు. ఇంకొన్నాళ్లకు ఆట పోయింది, తాగుడు మిగిలింది. బీరు పోయి బ్రాందీ వచ్చింది. మంచం కిందా, అటక మీదా దాచిన సీసాలు తీసి పారేయడం అమ్మ దినచర్య అయింది. మొదట్లో దొరికిన సీసాల మీద ఉన్నది ఈ గుర్తే. 2004లో కాలేయం చెడి అన్నయ్య పోయాడు. ముప్పై తొమ్మిదేళ్లు.

ఆ మధ్య సంవత్సరాల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఊరి నుంచి వచ్చే ఉత్తరాల్లో, తెలుగు పత్రికల్లో ఆ కబుర్లు వచ్చేవి. బిష్టుపూర్ రామ మందిరానికి వెళ్లినప్పుడు మా వాడ ఆడవాళ్లు అదే మాట్లాడుకునేవారు. 1993 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. రెండేళ్లు తిరిగేసరికి దాన్ని ఎత్తేశారు. మేముండేది అప్పటి బిహార్‌లో. "మన ఊళ్లోనే ఉండుంటే నీ అన్న బతుకునేమో" అని అమ్మ అంటుండేది. నిషేధం ఉన్న రోజుల్లో అక్కడ దొంగసరుకు ఎంత పారిందో నేను చదివాను. ఆ మాట అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు.

అన్నయ్యను ఏ ప్రకటనా చంపలేదు. ఆ రోజు మైదానంలో బ్యానర్లు లేవు. జెర్సీ మీద పేరూ లేదు. ఈ లెక్క తప్పు చెబితే అన్నయ్యకు అన్యాయం చేసినట్టే. ఆ రాత్రి పెద్దలు చేసింది ఒక్కటే. గెలుపుకూ సీసాకూ ముడి వేశారు. అది వాళ్లు ప్రేమతో, ఉచితంగా చేశారు. బీరు కంపెనీ కోట్లు పోసి చేసేదీ ఆ ముడి వేయడమే. ఒక్క కుర్రాడికి కాదు, టీవీ చూస్తున్న లక్షల మందికి.

తర్వాతి ఆదివారం కమిటీ కూర్చుంది. పదకొండు మందిమి. అన్నయ్య ఊసు నేను ఎత్తలేదు. ఎత్తితే వాదన అక్కడితో ముగిసేది. చచ్చినవాణ్ణి చూపించి గెలవడం నాకు ఇష్టం లేకపోయింది. గెలిచిన పిల్లాడి ఫొటోలో ఏ పేరు ఉండాలో మనం ఎంచుకోవాలని మాత్రం అన్నాను. కార్యదర్శి తన లెక్క చెప్పాడు. ఈ డబ్బు వద్దంటే పదహారు జట్లు ఆడించలేం. చేతులెత్తి ఓట్లు వేశాం. పెట్టె వెనక్కి పంపాలని ఆరుగురు, ఉంచుకోవాలని అయిదుగురు. ఆ ఆరో చెయ్యి నాదే.

ఆ గెలుపు నాకు సంతోషం ఇవ్వలేదు. కార్యదర్శి లెక్కే నిజమైంది. నేను నెలన్నర రసీదు పుస్తకం పట్టుకు తిరిగినా ఎనిమిది జట్లకే సరిపోయింది. మిగతా ఎనిమిది జట్ల పిల్లలు ఆ ఏడాది ఆడలేదు. దగ్గర దగ్గర నూట ముప్పై మంది. వాళ్లలో కొందరు సర్కస్ మైదాన్ వైపు, ఏ ఆటా లేని సాయంత్రాలు గడిపి ఉంటారు. వాళ్లకు నేను చేసింది మేలా కీడా అని అడిగితే గట్టిగా జవాబు చెప్పలేను. ఈ విషయంలో నీతి మాట్లాడేవాళ్లు ఆ అంకెను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మద్యం డబ్బు వద్దని చట్టం చేసే ప్రభుత్వం, ఆ ఖాళీని ఎవరు పూడుస్తారో కూడా చెప్పాలి. సిగరెట్లు పోయినప్పుడు క్రికెట్‌కు వేరే దాతలు దొరికారు. వీధి క్లబ్బుకు దొరకరు.

ఆడిన ఎనిమిది జట్లకూ బిష్టుపూర్ బజారులో వంద రూపాయల రంగు టీషర్టులు కొన్నాం. ఛాతీ మీద ఏమీ లేదు. వెనక నంబర్లు స్కెచ్ పెన్నుతో పిల్లలే రాసుకున్నారు. డిసెంబర్‌లో అర్జెంటీనా కప్పు గెలిచింది కదా, ప్రతి జట్టులోనూ పదో నంబరు కోసం కొట్లాట. మొదటి మ్యాచ్‌లోనే చెమటకు సిరా కారి అంకెలన్నీ అలుక్కుపోయాయి.

జనవరి 26న ఫైనల్ అయ్యాక కప్పు అందుకున్న జట్టు కెప్టెన్, పదిహేనేళ్ల కుర్రాడు, నా దగ్గరికి వచ్చాడు. నీలం జెర్సీల కథ వాళ్లందరికీ తెలుసు.

"అంకుల్, మెస్సీ ఆ బీరు ట్రోఫీ తీసుకున్నాడు కదా. అన్నిసార్లు తీసుకున్నాడు. అతనికి తప్పు కానిది మాకెందుకు తప్పు?"

పోగ్బా, ఆమ్లా, ఎంబాపే పేర్లు నోటిదాకా వచ్చాయి. అవేవీ వాడి ప్రశ్నకు జవాబు కావు. మెస్సీకి చేతగాని పని పదిహేనేళ్ల పిల్లాడి చేత చేయించాను మరి. "తప్పు నీది కాదురా" అన్నాను. వాడికి అర్థమైందో లేదో, తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి పిల్లలకు భోజనాలు మా ఇంటి దగ్గరే. పూరీ, బంగాళాదుంప కూర, బూందీ. అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ కుర్రాణ్ణి దగ్గరికి పిలిచి, ఏ కాలితో గోల్ కొట్టావని అడిగింది. ఎడమ కాలితో అన్నాడు. అమ్మ కాసేపు వాడి వైపే చూసి, ఇంకో రెండు పూరీలు వేయమంది.